స్టెనో మెషిన్‌కు జోడీ ఏ సాఫ్ట్‌వేర్?

అమెరికాలో కోర్టు రిపోర్టర్‌గా, అంటే విచారణలో ప్రతి మాటా స్టెనో మెషిన్ మీద రాసే వ్యక్తిగా, జాతీయ స్థాయి గుర్తింపు కావాలంటే నేషనల్ కోర్ట్ రిపోర్టర్స్ అసోసియేషన్ పెట్టే వేగ పరీక్షలో మూడు గండాలు దాటాలి. మామూలు వ్యాసం లాంటిది నిమిషానికి 180 మాటల వేగంతో చదువుతారు. జ్యూరీకి జడ్జి ఇచ్చే సూచనలు 200 మాటల వేగంతో, లాయరుకూ సాక్షికీ మధ్య నడిచే ప్రశ్నోత్తరాలు 225 మాటల వేగంతో వస్తాయి. ఒక్కోటి అయిదు నిమిషాలు. నూటికి 95 మాటలు సరిగ్గా ఉండాలి. చివరి భాగాన్నే లెక్క కడితే అయిదు నిమిషాల్లో 1125 మాటలు, తప్పులు యాభై ఆరుకు మించకూడదు.

అదే సంఘం పెట్టే రియల్‌టైమ్ పరీక్ష చూడటానికి దీనికన్నా తేలిక. వేగం 200 మాటలే, గడువు అయిదు నిమిషాలే. కాకపోతే నూటికి 96 సరిగ్గా ఉండాలి. పైగా మొదటి పరీక్షలో డిక్టేషన్ ఆగాక నోట్సు చూసుకుని సరిదిద్దుకోవడానికి కొంత సమయం ఇస్తారు, ఇక్కడ అది లేదు. వేలు కీ మీద పడిన మరుక్షణం తెర మీద ఏ మాట వచ్చిందో అదే జవాబు పత్రం. చెవి సరిగ్గా విని, వేళ్లు సరిగ్గా నొక్కినా మధ్యలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంకో మాట చూపిస్తే ఆ తప్పు అభ్యర్థి ఖాతాలోనే పడుతుంది. రియల్‌టైమ్ సాధన మొదలుపెట్టేవాళ్లు మెషిన్ గురించి నెలల తరబడి వాకబు చేసి, సాఫ్ట్‌వేర్‌ను మాత్రం స్కూలువాళ్లు చెప్పిందే తీసుకోవడం ఎంత విచిత్రమో దీన్నిబట్టి తెలుస్తుంది.

స్టెనో మెషిన్ అంటే చిన్న టైప్‌రైటర్ అనుకుంటారు చాలామంది. అది అక్షరాలు కొట్టే యంత్రం కాదు, శబ్దాలు పట్టే యంత్రం. 22 కీలు, పైన అంకెల కోసం ఒక అడ్డ పట్టీ. ఎడమ చేతికి పదం మొదట్లో వచ్చే హల్లులు: ఎస్, టీ, కే, పీ, డబ్ల్యూ, హెచ్, ఆర్. కుడి చేతికి పదం చివర వచ్చే హల్లులు: ఎఫ్, ఆర్, పీ, బీ, ఎల్, జీ, టీ, ఎస్, డీ, జెడ్. బొటనవేళ్ల కింద నాలుగు అచ్చులు. నడుమ ఒక నక్షత్రం కీ. హార్మోనియం మీద స్వరాలు కలిపి పట్టినట్టు ఒక సిలబుల్‌కు కావలసిన కీలన్నీ ఒక్కసారే నొక్కి వదలాలి. దాన్నే స్ట్రోక్ అంటారు.

ఇంత తక్కువ కీలతో ఇంగ్లీషు అంతా ఎలా? లేని అక్షరాలను ఉన్నవాటి కలయికతో తెచ్చుకుంటారు. ఎడమ చేత్తో టీ, కే కలిపితే డీ. పీ, డబ్ల్యూ కలిపితే బీ. హెచ్, ఆర్ కలిపితే ఎల్. ఎస్, కే, డబ్ల్యూ, ఆర్ నాలుగూ కలిపితే జే. 'క్యాట్' అని రాయాలంటే కే, ఏ, కుడివైపు టీ ఒకేసారి నొక్కితే చాలు. 'డాగ్' అనాలంటే టీ, కే, ఓ, కుడివైపు జీ. కోర్టు రిపోర్టర్ వార్డ్ స్టోన్ ఐర్లండ్ 1910ల తొలినాళ్లలో మార్కెట్లోకి తెచ్చిన స్టెనోటైప్ అమరికకు నేటి అమెరికన్ మెషిన్లన్నీ వారసులే. అంతకుముందే యూరప్‌లో ఇంకో రకం నడుస్తోంది. ఆంటోనియో మికేలా జుక్కో అనే ఆయన పియానోను పోలిన మెట్లతో తయారుచేసిన యంత్రాన్ని ఇటలీ సెనేట్ 1880 నుంచి వాడుతోంది.

చాలాకాలం ఈ మెషిన్ల నుంచి వచ్చేది సన్నటి కాగితపు పట్టీ మాత్రమే. పగలంతా కోర్టులో నొక్కిన పట్టీని రాత్రి ఇంటికి తీసుకెళ్లి, తన సంకేతాలను తానే చదువుకుంటూ టైపు చేయడం రిపోర్టర్ బతుకు. ఈ రెండో పనిని కంప్యూటర్‌కు అప్పగించవచ్చన్న ఆలోచన చాలా పాతది. సమాచార శోధన శాస్త్రానికి ఆద్యుల్లో ఒకరైన గెరార్డ్ సాల్టన్ 1959లోనే మెషిన్ షార్ట్‌హ్యాండ్‌ను కంప్యూటర్‌తో మామూలు ఇంగ్లీషులోకి మార్చే విషయం మీద పరిశోధన పత్రం చదివారు. 1970లలో ఆ పని వ్యాపారంగా మారింది. 1982లో ఆస్కార్ ప్రదానోత్సవం ప్రత్యక్ష ప్రసారానికి నేషనల్ క్యాప్షనింగ్ ఇన్‌స్టిట్యూట్ స్టెనో సాయంతో అప్పటికప్పుడు క్యాప్షన్లు ఇచ్చింది. చెవిటివాళ్లకు టీవీలో ప్రత్యక్ష ప్రసారాలను అనుసరించే అవకాశం ఒక రకంగా కోర్టు రిపోర్టర్ల చేతుల మీదుగానే వచ్చింది.

ఈ మార్పిడి చేసే ప్రోగ్రామును అమెరికన్లు 'క్యాట్' అంటారు, కంప్యూటర్ సాయంతో ట్రాన్స్‌క్రిప్షన్ అనే దానికి పొట్టి పేరు. దాని గుండెకాయ ఒక నిఘంటువు. మనం వాడే అర్థాల నిఘంటువు కాదు. ఎడమవైపు స్ట్రోక్, కుడివైపు ఆ స్ట్రోక్‌కు రావలసిన మాట, అంతే. లక్షకు పైగా ఇలాంటి జతలు ఉండటం మామూలు. మెషిన్ నుంచి స్ట్రోక్ రాగానే సాఫ్ట్‌వేర్ నిఘంటువులో వెతుకుతుంది. దొరికితే మాట పడుతుంది. దొరక్కపోతే నొక్కిన కీల అక్షరాలు అలాగే, ఎవరికీ అర్థం కాని గుంపుగా తెర మీద వచ్చి కూర్చుంటాయి. వృత్తిలో వాటిని 'అన్‌ట్రాన్స్‌లేట్' అంటారు. జడ్జి ముందున్న తెర మీద అవి వరసగా నాలుగు కనిపించాయంటే రిపోర్టర్ చెవులు ఎర్రబడతాయి.

వెతకడం అనగానే సులువు అనిపిస్తుంది. అసలు చిక్కు రెండో స్ట్రోక్ దగ్గర మొదలవుతుంది. రిపోర్టర్ 'క్యాట్' స్ట్రోక్ నొక్కారు. వెంటనే 'లాగ్' స్ట్రోక్ నొక్కారు. వీటిని విడివిడిగా చూస్తే పిల్లి, దుంగ. కలిపి చూస్తే క్యాటలాగ్. నిఘంటువులో రెండూ ఉంటే సాఫ్ట్‌వేర్ పొడవైనదాన్నే ఎంచుకుంటుంది. కానీ మొదటి స్ట్రోక్ వచ్చిన క్షణాన రెండోది వస్తుందో రాదో దానికి తెలియదు. అప్పుడు 'క్యాట్' అని తెర మీద వేసేయాలా, ఆగాలా?

ఈ ప్రశ్నకు వేర్వేరు సాఫ్ట్‌వేర్లు వేర్వేరు జవాబులు చెప్పుకున్నాయి. వ్యాపార క్యాట్ ప్రోగ్రాముల్లో చాలాకాలం నడిచిన పద్ధతి ఆగి చూడటం. ఒకటిన్నర సెకను దాకా పట్టి ఉంచి, ఇక వేరే స్ట్రోక్ రాదని తేలాక మాట వదలడం. కోర్టుకు అది పెద్ద ఇబ్బంది కాదు. లాయరు తెర చూసేలోపు మాట వస్తుంది. సాధన చేసేవాళ్ల లెక్క వేరు. నిమిషానికి 225 మాటలంటే సెకనుకు నాలుగుకు కాస్త తక్కువ. ఒకటిన్నర సెకను ఆలస్యమంటే కంటి ముందు కనిపించే మాటకూ వేళ్లు నొక్కుతున్న మాటకూ మధ్య అయిదు మాటలు దాటిపోయాయన్నమాట. ఏ వేలు తప్పిందో గుర్తుపట్టే అవకాశం ఆ అయిదు మాటల కిందే పూడిపోతుంది.

రెండో జవాబు ప్లోవర్‌ది. ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ స్ట్రోక్ రాగానే తోచిన మాట వేసేస్తుంది. తర్వాతి స్ట్రోక్‌తో కలిపితే ఇంకో మాట అవుతుందని తేలితే తానే వెనక్కి చెరిపి కొత్తది వేస్తుంది. 'క్యాట్' కనిపించి, కంటిరెప్ప పడేలోపు మాయమై 'క్యాటలాగ్' అవుతుంది. తెర కొంచెం గెంతులు వేసినట్టుంటుంది, మొదట్లో కళ్లకు చిరాకు. కానీ వేలికీ కంటికీ మధ్య సందు ఉండదు. సాధనకు కావలసింది ఇదే. ఏ సాఫ్ట్‌వేర్ చూసినా మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: నొక్కిన మాట ఎంతసేపటికి కనిపిస్తుంది, ఆ ఆలస్యాన్ని తగ్గించుకునే సెట్టింగ్ ఉందా?

ప్లోవర్ పుట్టుకకు కారణం మిరబాయ్ నైట్. పేరు వినగానే మన మీరాబాయి గుర్తొస్తుంది కానీ ఆమె న్యూయార్క్‌లో క్యాప్షనర్. వినికిడి లేని విద్యార్థుల పక్కన కూర్చుని ప్రొఫెసర్ చెప్పేది అప్పటికప్పుడు తెర మీదకు తేవడం ఆమె వృత్తి. స్టెనో నేర్చుకుందామని ఎవరైనా సరదా పడితే మెషిన్‌కు వేల డాలర్లు, సాఫ్ట్‌వేర్‌కు మళ్లీ వేల డాలర్లు పోయాల్సి రావడం ఆమెకు నచ్చలేదు. జోష్ లిఫ్టన్ అనే ప్రోగ్రామర్‌తో కలిసి 2010 ప్రాంతంలో పైథాన్ భాషలో ఈ సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టారు. తర్వాత ఓపెన్ స్టెనో ప్రాజెక్ట్ పేరుతో చాలామంది చేతులు కలిపారు. కోడ్ అందరికీ తెరిచే ఉంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

ప్లోవర్‌కు స్టెనో మెషినే అక్కర్లేదు, మామూలు కంప్యూటర్ కీబోర్డుతోనూ పని చేస్తుంది. ఎడమ చేతి వేళ్లు ఏ, ఎస్, డీ, ఎఫ్ ఉన్న వరస మీద, దాని పైవరస మీద ఉంటాయి. బొటనవేళ్లు సీ, వీ, ఎన్, ఎం మీద. కీబోర్డు మీద ఎస్ అని రాసి ఉన్నది స్టెనోలో కే. సీ అని ఉన్నది ఏ. కుడివైపు పీ అని ఉన్నది చివరి టీ. ఈ మూడూ ఒకేసారి నొక్కి వదిలితే తెర మీద 'క్యాట్' వస్తుంది.

అయితే 'జాబ్' అనే మాట రాయడానికి పూనుకుంటే చౌక కీబోర్డు బండారం బయటపడుతుంది. జే కోసం ఎడమ చేతి నాలుగు వేళ్లూ ఏ, ఎస్, డీ, ఎఫ్ మీద, ఓ కోసం బొటనవేలు వీ మీద, బీ కోసం కుడి చేతి వేలు కే మీద. మొత్తం ఆరు కీలు ఒక్క దెబ్బకు. మామూలు కీబోర్డు లోపల కీలన్నీ నిలువు, అడ్డం తీగల గళ్లలో ఉంటాయి. ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలల్లో ఉన్న కీలు కలిసి నొక్కితే నాలుగో మూల కూడా నొక్కినట్టే సర్క్యూట్‌కు కనిపిస్తుంది. ఆ గందరగోళం రాకుండా తయారీదారులు అలాంటి కలయికలను లెక్కలోకి తీసుకోకుండా ఆపేస్తారు. ఆఫీసు ఉత్తరం టైపు చేసేవారికి ఈ సంగతి జీవితంలో తెలియదు. స్టెనో నేర్చుకునేవారికి మొదటి గంటలోనే తెలిసిపోతుంది: ఆరు నొక్కితే నాలుగే చేరతాయి, తప్పు వేలిదా, కీబోర్డుదా అన్నది తేలదు. ప్రతి కీకీ డయోడ్ పెట్టి, ఎన్ని నొక్కినా అన్నీ నమోదయ్యేలా చేసిన కీబోర్డును 'ఎన్-కీ రోలోవర్' రకం అంటారు. గేములు ఆడేవాళ్ల కోసం అమ్మే వాటిలో ఇది దొరుకుతుంది. ఆ మాట డబ్బా మీద ఉందో లేదో చూసుకోకుండా కొనకూడదు. స్టెనో కోసమే అభిరుచి గలవాళ్లు తయారుచేసి అమ్ముతున్న జార్జి, యూని లాంటి చిన్న కీబోర్డులు కూడా వచ్చాయి. వృత్తి మెషిన్ ధరలో అవి చిన్న వంతు.

అలాగని ప్లోవర్ అన్నిటికీ మందు కాదు. అది కీబోర్డులా ప్రవర్తిస్తుంది. ఏ కిటికీ తెరిచి ఉంటే అందులో మాటలు పోస్తుంది, అక్కడితో దాని బాధ్యత తీరుతుంది. కోర్టు రిపోర్టర్‌కు తీరదు. అమెరికన్ డిపోజిషన్ (కోర్టు బయట ప్రమాణం చేయించి తీసుకునే సాక్ష్యం) ట్రాన్స్‌క్రిప్టుకు ఒక ముస్తాబు ఉంటుంది: పేజీకి సాధారణంగా 25 వరసలు, ప్రతి వరసకూ అంకె, ప్రశ్నకు ఒక గుర్తు, జవాబుకు ఒక గుర్తు, ఎవరు మాట్లాడుతున్నారో పేరు, దాఖలైన పత్రాల సూచిక. ఇవన్నీ చూసుకునేవి వ్యాపార క్యాట్ ప్రోగ్రాములు. స్టెనోగ్రాఫ్ కంపెనీ కేస్ క్యాటలిస్ట్, అడ్వాంటేజ్ సాఫ్ట్‌వేర్ వారి ఎక్లిప్స్, స్టెనోవేషన్స్ వారి డిజిటల్‌క్యాట్, ఇంకా ప్రోక్యాట్, స్టెనోక్యాట్ లాంటివి ఈ కోవలోనివి.

వాటిలో సాధనకు నిజంగా పనికొచ్చేవి రెండు. మొదటిది ఆడియో అనుసంధానం. మాటలు నమోదవుతున్నంతసేపూ మైకు నుంచి ధ్వని కూడా రికార్డవుతూ ఉంటుంది. తర్వాత ట్రాన్స్‌క్రిప్టులో ఏ మాట మీద కర్సర్ పెట్టినా సరిగ్గా ఆ క్షణపు ధ్వని వినిపిస్తుంది. పక్కనే ఇంకో గడిలో ఆ మాటకు నొక్కిన స్ట్రోక్ కనిపిస్తుంది. విన్నదేమిటి, నొక్కిందేమిటి, తెర చూపిందేమిటి, మూడూ ఒకేచోట. విద్యార్థి ఒక మాట వదిలేశారంటే వినపడక వదిలారా, విని చేతికి రాక వదిలారా, చేతికి వచ్చినా నిఘంటువులో లేక పోయిందా? మూడింటికీ మూడు వేర్వేరు మందులు. ఈ తేడా తెలియకుండా గంటల తరబడి వేగం పెంచుకుంటూ పోతే పాత తప్పులే ఇంకా వేగంగా వస్తాయి.

రెండోది సంక్షిప్త రూపాల సూచన. ఒకే పెద్ద పదబంధం పదేపదే వస్తుంటే దానికి ఒక్క స్ట్రోక్ చాలు, ఇదిగో అని సాఫ్ట్‌వేరే చూపిస్తుంది. కేస్ క్యాటలిస్ట్‌లో దీని పేరు బ్రీఫ్ ఇట్, ఎక్లిప్స్‌లో ఆటో బ్రీఫ్. 2004లో నిమిషానికి 360 మాటల వేగంతో, 97.23 శాతం కచ్చితత్వంతో రాసి గిన్నిస్ రికార్డుకెక్కిన మార్క్ కిస్లింగ్‌బరీ పద్ధతి అంతా పొట్టిగా రాయడం మీదే నిలిచింది. ఎక్కువ వేగంగా కదలడం కన్నా తక్కువ సార్లు నొక్కడం మేలన్నది ఆయన వాదం, మ్యాగ్నమ్ స్టెనో పేరుతో ఆయన నేర్పేదీ అదే. దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. వేల పొట్టి రూపాలు గుర్తుంచుకోవడం కన్నా శబ్దం ప్రకారం రెండు స్ట్రోకులు నొక్కడమే భద్రం అంటారు, జ్ఞాపకం తడబడిన క్షణంలో మూడు మాటలు పోతాయని వాళ్ల భయం. మొదటి ఏడాది విద్యార్థికి సూచనల గడి మూసి పెట్టుకోవడమే మంచిది. కళ్లు దాని మీదకు పోతే చెవి పని మానేస్తుంది.

మిగతా హంగుల్లో చాలావరకు విద్యార్థికి అవసరం రావు. జడ్జి, లాయర్ల ట్యాబ్లెట్లకు వైర్‌లెస్‌గా మాటలు పంపడం, సూచికలు కట్టడం, ముద్రణకు పంపడం, ఇవన్నీ ఉద్యోగం వచ్చాక పనికొచ్చేవి. విద్యార్థుల కోసం కంపెనీలు తక్కువ ధరకు ఇచ్చే ఎడిషన్లు ఉంటాయి. వాటితో జీతం వచ్చే పని చేయకూడదన్న షరతు, కొన్ని పనులకు అడ్డుకట్ట, చదువు అయ్యాక పూర్తి ధరకు మారాలన్న నియమం ఉండొచ్చు. పూర్తి ఎడిషన్ ధర వేల డాలర్లలో ఉంటుంది, ఆ పైన ఏటేటా సపోర్టు రుసుము. కొన్నిటిని కంప్యూటర్‌కు చిన్న తాళంచెవి పరికరం గుచ్చితేనే తెరవొచ్చు. అది పోగొట్టుకుంటే సాఫ్ట్‌వేర్ పోగొట్టుకున్నట్టే. ఒప్పందపత్రం చివరిదాకా చదవమని చెప్పడం చాదస్తంగా ఉంటుంది కానీ ఈ సరుకు విషయంలో చెప్పక తప్పదు.

సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు అందరూ మరిచిపోయే ప్రశ్న ఇంకోటుంది: నిఘంటువు ఎవరిది? మొదట స్కూలో, కంపెనీయో ఒక నిఘంటువు ఇస్తుంది. విద్యార్థి రోజూ కొన్ని జతలు చేరుస్తూ, కొన్ని తీసేస్తూ పోతారు. ఉచ్చారణ ఒకటై స్పెల్లింగ్ వేరైన మాటలు ఇంగ్లీషులో కొల్లలు. సరైనది అనే 'రైట్', రాయడం అనే 'రైట్' చెవికి ఒకటే. ప్లోవర్ నిఘంటువులో మొదటిది ఆర్‌తో మొదలయ్యే స్ట్రోక్, రెండోదానికి డబ్ల్యూ కూడా కలుపుతారు. ఇలాంటి వందల జంటలకు ఒక్కొక్కరు ఒక్కో సర్దుబాటు చేసుకుంటారు. కొన్నేళ్లు గడిచేసరికి ఆ నిఘంటువు ఇంకెవరి చేతికీ సరిపోదు. ఒక సీనియర్ రిపోర్టర్ ఆస్తిలో మెషిన్ కన్నా విలువైనది అదే.

ఆ ఆస్తి ఒక కంపెనీ ఫార్మాట్‌లో చిక్కుకుపోతే? ప్రతి కంపెనీకీ తనదైన ఫైలు రూపం ఉంది. వాటి మధ్య రాకపోకలకు ఆర్‌టీఎఫ్/సీఆర్‌ఈ అనే ఉమ్మడి రూపం ఉంది. అందులోకి ఎగుమతి చేసే సదుపాయం విద్యార్థి ఎడిషన్‌లోనూ ఉందా అని కొనకముందే అడగాలి. ప్లోవర్ నిఘంటువు జేసన్ రూపంలో ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. ఆర్‌టీఎఫ్/సీఆర్‌ఈ ఫైళ్లనూ అది చదవగలదు. అంటే ఇక్కడ సంపాదించింది అక్కడికి, అక్కడిది ఇక్కడికి మోసుకుపోవచ్చు.

నిఘంటువు ఎందుకంత ముఖ్యమో ఒక తెలుగు పేరుతో చూస్తే ఇట్టే అర్థమవుతుంది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక సివిల్ కేసులో వెంకటేశ్వర్లు అనే ఇంజనీరు సాక్షిగా వచ్చారనుకుందాం. రిపోర్టర్ ఆ పేరు ఎప్పుడూ విననివారు. శబ్దం ప్రకారం అయిదారు స్ట్రోకులు నొక్కితే సాఫ్ట్‌వేర్ ఒక్కో స్ట్రోక్‌కూ నిఘంటువులో దొరికిన ఇంగ్లీషు మాట అతికిస్తుంది. వ్యాను, క్యాటు, ష్యూరు లాంటి సంబంధం లేని మాటల దండ ఒకటి జడ్జి తెర మీదకు పోతుంది. అనుభవం ఉన్న రిపోర్టర్ ముందు రోజే కేసు కాగితాలు తెప్పించుకుని, ఆ కేసుకు మాత్రమే పనికొచ్చే చిన్న నిఘంటువు కట్టుకుంటారు. వెంకటేశ్వర్లుకు ఒక్క స్ట్రోక్, ఆయన కంపెనీకి ఒకటి, ఊరికి ఒకటి. దీన్ని 'జాబ్ డిక్షనరీ' అంటారు. సాధన దశలోనే ఈ అలవాటు పట్టుబడాలి కాబట్టి నిఘంటువులను అంతస్తులుగా పేర్చుకునే వీలు, రాస్తూ రాస్తూనే కొత్త జత చేర్చే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. ప్లోవర్‌లో ఈ రెండూ ఉన్నాయి, పెద్ద క్యాట్ ప్రోగ్రాముల్లోనూ ఉన్నాయి.

సాధన సరుకు సంగతి వేరే. క్యాట్ అనేది స్ట్రోకును మాటగా మార్చేది. వేగం పెంచే డిక్టేషన్లు, వాటికి మార్కులు వేసే ప్రోగ్రాములు విడిగా దొరుకుతాయి. రియల్‌టైమ్ కోచ్ లాంటివి స్కూళ్లలో వాడుకలో ఉన్నాయి. డిక్టేషన్ వినిపించి, విద్యార్థి రాసినదాన్ని అసలు పాఠంతో పోల్చి, తప్పులు లెక్కగట్టి అప్పటికప్పుడు చూపిస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి టైపీ టైప్ అనే ఉచిత సాధనం ప్లోవర్‌తో చక్కగా కలుస్తుంది. ఒక మాట చూపిస్తుంది, కీల బొమ్మ మీద దాని స్ట్రోక్ చూపిస్తుంది, వచ్చిన మాటలను క్రమంగా పక్కన పెట్టి రానివాటిని మళ్లీ మళ్లీ ముందుకు తెస్తుంది. స్టెనో ఆర్కేడ్ పేరుతో ఆటలు కూడా తయారయ్యాయి. ఆటలతో కోర్టు రిపోర్టర్ అవుతారా అని పెదవి విరిచేవాళ్లు ఉంటారు కానీ, మొదటి నెలల విసుగులో మానేసేవాళ్లే ఎక్కువైన విద్య ఇది. ఆ విసుగును ఏది తగ్గించినా మేలే.

ఇక్కడ ఒక పాత అలవాటు అడ్డొస్తుంది. కొన్నిచోట్ల విద్యార్థులు తెర ఆపేసి, స్టెనో నోట్సు మాత్రమే రాసి, తర్వాత తీరిగ్గా సరిదిద్ది అప్పగిస్తారు. మార్కులు బాగానే వస్తాయి. రియల్‌టైమ్‌కు అది పనికిరాని సాధన. ఒక వేలు కొంచెం ఆలస్యంగా పడటం వల్ల ఒక స్ట్రోక్ రెండుగా చీలిపోవడం, రెండు స్ట్రోకులు ఒకటిగా అతుక్కుపోవడం లాంటివి కళ్లతో చూస్తూ రాస్తేనే పట్టుబడతాయి. చూస్తూ రాయడం అంటే ప్రతి తప్పుకూ ఆగి నక్షత్రం కీ నొక్కడం కాదు, అది ఇంకో జబ్బు. ఒక్క నక్షత్రం నొక్కి ముందటి స్ట్రోక్ చెరిపి మళ్లీ రాసేలోపు డిక్టేషన్ మూడు మాటలు ముందుకు పోతుంది. అందుకే సాధనను రెండుగా పంచుకోవాలి: కొన్ని దఫాలు తెర చూడకుండా వేగం కోసం, కొన్ని దఫాలు వేగం బాగా తగ్గించి తెర మీద ఒక్క తప్పు లేకుండా రాయడం కోసం. రెండింటికీ ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే నిఘంటువు వాడాలి.

ఈమధ్య క్యాట్ ప్రోగ్రాముల్లోకి కూడా మాటను నేరుగా అక్షరంగా మార్చే కృత్రిమ మేధ వచ్చి చేరుతోంది. వదిలేసిన మాటను ఆడియో నుంచి పట్టి అందిస్తుంది. వృత్తిలో ఉన్నవారికి అదొక ఆసరా కావచ్చు, సాధనలో ఉన్నవారికి మాత్రం అది ఆపి ఉంచాల్సిన మీట. తప్పు కనిపించకుండా పోవడం విద్యార్థికి లాభం కాదు.

మన దేశానికి వస్తే ఈ కథ ఇంకో రకం. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ స్టెనోగ్రాఫర్ పరీక్షలో గ్రేడ్ డీకి నిమిషానికి 80 మాటలు, గ్రేడ్ సీకి 100 మాటలు, పది నిమిషాల డిక్టేషన్. పెన్నుతో, ఎక్కువమంది పిట్‌మన్ పద్ధతిలో రాసుకుని తర్వాత కంప్యూటర్ మీద టైపు చేస్తారు. ఇంగ్లీషుకైతే గ్రేడ్ సీవాళ్లకు 40 నిమిషాలు, డీవాళ్లకు 50 నిమిషాలు ఇస్తారు. ట్రయల్ కోర్టుల్లో సాక్షి చెప్పిన ప్రతి మాటా యథాతథంగా పట్టడం కన్నా, జడ్జి విని సారాంశాన్ని డిక్టేట్ చేయడమే ఎక్కువ కాబట్టి 225 మాటల వేగం అవసరం పడలేదు. స్టెనో మెషిన్ దశ ఇక్కడ పెద్దగా రాకుండానే 2023 ఫిబ్రవరి 21న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణకు కృత్రిమ మేధతో ప్రత్యక్ష ట్రాన్స్‌క్రిప్షన్ మొదలుపెట్టింది. తెలుగు రాష్ట్రాల్లో షార్ట్‌హ్యాండ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లే అమ్మాయికో అబ్బాయికో ప్లోవర్ రేపటి ఉద్యోగం తెచ్చిపెట్టదు, ఆ సంగతి దాచడం అన్యాయం. కానీ విదేశాల్లో క్యాప్షనింగ్ వైపు, డిపోజిషన్ల వైపు చూసేవారికి, ఇంగ్లీషు శబ్దాల మీద పట్టున్నవారికి ఖర్చు లేకుండా చేతికి ఈ విద్య తగులుతుందో లేదో తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. ప్లోవర్ తెర మీద తెలుగు అక్షరాలు కూడా వేయగలదు. ఒత్తులు, దీర్ఘాలు, సంధులు 22 కీలలో ఎలా ఇమడాలన్న పద్ధతిని ఎవరైనా కూర్చుని కట్టాలి. కొరియన్లు, చైనీయులు తమ భాషలకు తమ మెషిన్ పద్ధతులు కట్టుకున్నారు.

మరి ఏది తీసుకోవాలి? మొదటి ఏడాదికి ప్లోవర్ చాలు. మంచి ఎన్-కీ రోలోవర్ కీబోర్డో, చవకైన స్టెనో కీబోర్డో దొరికితే చాలు. ఏ సిద్ధాంతం (మాటలను స్ట్రోకులుగా మలిచే పద్ధతి) నేర్చుకుంటున్నారో ఆ సిద్ధాంతపు నిఘంటువు దొరుకుతుందో లేదో మాత్రం మొదటే చూసుకోవాలి. స్కూలు ఒక పద్ధతి నేర్పి, సాఫ్ట్‌వేర్‌లో ఇంకో పద్ధతి నిఘంటువు ఉంటే ఏడాది వృథా. నిమిషానికి 140, 160 మాటల దగ్గరకు చేరి, ఈ వృత్తిలో ఉండాలని నిశ్చయం కుదిరాకే వ్యాపార క్యాట్ విద్యార్థి ఎడిషన్ తీసుకోవాలి. కేస్ క్యాటలిస్టా, ఎక్లిప్సా అన్న వాదనకు పెద్ద అర్థం లేదు. పని చేయబోయే ఊళ్లో, సంస్థలో, ట్రాన్స్‌క్రిప్టు సరిదిద్దిపెట్టే స్కోపిస్టుల దగ్గర ఏది నడుస్తుంటే అదే సరైనది. కొనేరోజు మాత్రం సేల్స్‌మన్ చూపించే హంగులన్నీ పక్కన పెట్టి, సొంత నిఘంటువును అందులోకి ఎక్కించి, మళ్లీ బయటకు తీసి చూపించమని అడగండి. ఆ పని కళ్లముందు చేసి చూపించలేని సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టకండి.